బీపీకి పోస్టింగ్ ఆర్డర్

పాపం రక్షణ శాఖ. మాజీ సైనికులకు వైకల్య పెన్షన్ ఇవ్వకూడదంటూ మూడు వందల దాకా పిటిషన్లు. ఒక్కోదానికీ నకళ్లు తీయించి, పేజీ నంబర్లు వేయించి, అఫిడవిట్ల మీద సంతకాలు పెట్టించి, లాయర్లకు ఫీజులు కట్టి ఢిల్లీ హైకోర్టు దాకా మోసుకెళ్తే, 2025 జూలై 1న ఆ కోర్టు అన్నిటినీ కట్టగట్టి ఒక్క తీర్పుతో వెనక్కి పంపింది. ఇంత పెద్ద దాడి ఇంత ఘోరంగా విఫలమవడం ఈ మధ్యకాలంలో మన సైనిక చరిత్రలో నేనెరగను. అవతలి పక్షం బలం చూస్తే మరీ అవమానం. రిటైరైన సైనికులు. వాళ్ల ఆయుధాలు తలా ఒక బీపీ బిళ్లల స్ట్రిప్పు, ఒక షుగర్ రిపోర్టు, సాయుధ దళాల ట్రైబ్యునల్ ఇచ్చిన ఒక అనుకూల తీర్పు.

ట్రైబ్యునల్‌లో గెలిచినవాడికి పెన్షన్ రావాలి కదా, మళ్లీ హైకోర్టు ఎందుకు అని అమాయకంగా అడక్కండి. ట్రైబ్యునల్ తీర్పుల మీద హైకోర్టుకు వెళ్లొచ్చని 2023 మార్చిలో సుప్రీంకోర్టు పరశోతమ్ దాస్ కేసులో తేల్చింది. ట్రైబ్యునల్‌లో ఓడిపోయిన మాజీ సైనికుడు ఢిల్లీలో సుప్రీంకోర్టు మెట్లెక్కే స్తోమత లేక ఏడుస్తున్నాడు, ఇకనైనా వాడికి సొంత రాష్ట్రంలో ఒక తలుపు తెరుచుకుందని సంబరపడ్డవాళ్లలో నేనూ ఉన్నాను. తలుపు తెరుచుకున్న మాట నిజమే. మూడు వందల ఫైళ్లు చంకన పెట్టుకుని అందులోంచి దూరినది మాత్రం సర్కారు.

ఈ తీర్పు వార్త వచ్చిన దగ్గర్నుంచీ నాకు ఇంకో హింస మొదలైంది. పొద్దున నడకలో, పెళ్లి భోజనాల దగ్గర, ఎక్కడ నలుగురు చేరినా ఒకటే మాట. "బీపీకీ షుగర్‌కీ కూడా పెన్షనేంటండీ? నాకూ ఉన్నాయి రెండూ. నాకెవరిస్తున్నారు?" మా పార్కులో ఈ ప్రశ్న వేసిన పెద్దాయన బ్యాంకు ఉద్యోగం పూర్తిగా చేసి, అరవై నిండాక పూలదండ వేయించుకుని ఇంటికొచ్చారు. ఆయనంటే నాకు గౌరవమే. కానీ సార్, మీకు ముప్పై ఎనిమిదో ఏట బీపీ తేలినప్పుడు బ్యాంకు మీ మెడికల్ కేటగిరీ దించిందా? ప్రమోషన్ బోర్డు మీ పేరు పక్కన పెట్టిందా? నలభై నిండకుండా, పిల్ల పదో తరగతిలో ఉండగా మిమ్మల్ని ఇంటికి పంపి, పోయి ఏటీఎం దగ్గర సెక్యూరిటీ గార్డుగా నిలబడమందా? మీ బ్యాంకు ముందు యూనిఫాం వేసుకుని కూర్చుని, మీరు లోపలికి వెళ్తుంటే లేచి నిలబడి సెల్యూట్ కొట్టేవాడే ఆ మనిషి. అడిగి చూడండి, ఏ రెజిమెంటో చెప్తాడు.

సరే, పార్కు పెద్దమనుషులకు తెలియకపోవడం వేరు. అన్నీ తెలిసి, చదువుకుని, స్టెతస్కోపు మెడలో వేసుకుని రాసే ఒక మాట ఉంది. నాకు ఒళ్లు మండేది దాని మీద. రిటైరయ్యే జవానును కూర్చోబెట్టి మెడికల్ బోర్డు ఒక ఫారం నింపుతుంది. జబ్బు సర్వీసు వల్ల వచ్చిందా, సర్వీసు వల్ల ముదిరిందా, ఏదీ కాదా అన్న గళ్లు అందులో ఉంటాయి. కారణం రాయాల్సిన గడిలో ఫైలు తర్వాత ఫైలులో దాదాపు ఒకే వాక్యం. జబ్బు పీస్ స్టేషన్‌లో మొదలైంది. ఫీల్డ్‌తో గానీ, అతి ఎత్తు ప్రాంతంతో గానీ, ఉగ్రవాదులను ఏరే విధులతో గానీ దగ్గరి కాల సంబంధం లేదు. మెడికల్ ఆఫీసర్ల గైడు పేరా 43 ప్రకారం సర్వీసుకు సంబంధం లేదు. బీపీకి పేరా 43. షుగరైతే పేరా 26. గుండెకు పేరా 47. సైనికుల భాషలో దీన్ని 'నానా' కొట్టడం అంటారు. నానా పడిందంటే ఆ జబ్బు నీ సొంత ఆస్తి, మాకేం సంబంధం లేదు, జైహింద్.

ఈ సిద్ధాంతాన్ని గౌరవించడం నేర్చుకోవాలి మనం. ఇది నిజమైతే భారత సైన్యంలో రక్తపోటుకు ఉన్న క్రమశిక్షణ జవాన్లక్కూడా లేదు. శ్రీకాకుళం జిల్లా కుర్రాడొకడు పందొమ్మిదో ఏట భర్తీ అయ్యాడనుకోండి. ట్రైనింగు అయింది. కుప్వారాలో రెండున్నరేళ్లు రాష్ట్రీయ రైఫిల్స్‌తో అడవులు గాలించాడు. తర్వాత లద్దాఖ్‌లో ఊపిరి అందని ఎత్తున కాపలా. తర్వాత అరుణాచల్‌లో తవాంగ్ వైపు. ఇన్నేళ్లూ బీపీ వాడి చుట్టూ తచ్చాడుతూనే ఉంది. మాటు వేసి రాత్రంతా మంచులో బోర్లా పడుకున్నప్పుడు పక్కనే పడుకుంది. తోటివాడు మైను మీద కాలు పెట్టిన రోజున చెవి దాకా వచ్చింది. కానీ లోపలికి రాలేదు. ఎలా వస్తుంది? దాని దగ్గర ఆర్డరు లేదు.

ఆ తర్వాత కుర్రాడికి సికింద్రాబాద్ పోస్టింగ్ వస్తుంది. నల్ల ట్రంకు పెట్టె, చుట్టిన బెడ్డింగు దించుకుని స్టేషన్ బయట ఆటో బేరమాడతాడు. సరిగ్గా అదే రైల్లో, వెనక బోగీలో, రైల్వే వారెంటు మీద బీపీ కూడా దిగుతుంది. జేబులో మూవ్‌మెంట్ ఆర్డరు. తిరుమలగిరి గేటు దగ్గర సంతకం పెడుతుంది, యూనిట్లో రిపోర్టు చేస్తుంది, రేషన్ లెక్కలో పేరెక్కించుకుంటుంది. అప్పుడు గానీ, రాతకోతలన్నీ పూర్తయ్యాక గానీ, వాడి రక్తనాళాల్లో అడుగు పెట్టదు. పెట్టాక కూడా ఎంత శాంతంగా పెడుతుందనీ! పీస్ స్టేషన్ కదా.

షుగర్ ఇంకా పద్ధతైన మనిషి. అది వార్షిక వైద్య పరీక్ష నోటీసు బోర్డు మీద పడేదాకా రాదు. గుండెపోటుకు వేరే మర్యాద ఉంది. పోటు వచ్చిన రోజుకు ముందు పద్నాలుగు రోజుల్లో జవాను ఏమేం డ్యూటీలు చేశాడో యూనిట్ రాసివ్వాలి. ఆ కాగితంలో ఘనకార్యమేదీ కనిపించకపోతే గుండెపోటు వాడి వ్యక్తిగత విషయం. పదిహేనో రోజు చేసింది గుండెకు గుర్తుండదు. పదిహేనేళ్లు చేసింది అసలే గుర్తుండదు.

ఇంతకీ ఈ జబ్బులన్నీ పీస్ స్టేషన్‌లోనే ఎందుకు బయటపడతాయి? డాక్టరు కానక్కర్లేదు, తెలుసుకోవడానికి. మిలటరీ ఆసుపత్రి ఉన్నది అక్కడ. స్పెషలిస్టు కూర్చునేది అక్కడ. ట్రెడ్‌మిల్ పరీక్ష, లిపిడ్ ప్రొఫైలు, కంటిపాప వెనక నరాలు చూసే యంత్రం, అన్నీ అక్కడ. 17,000 అడుగుల మీద మంచు గుడారంలో ఎవడికి తలనొప్పి వచ్చినా అది ఎత్తు వల్లనే అంటారు, ఒక బిళ్ల ఇచ్చి పడుకోమంటారు. మూడేళ్ల తర్వాత కింద ఊళ్లో మొదటిసారి తీరిగ్గా పట్టీ చుట్టి చూస్తే 160 మీద 100 ఉంటుంది. దొరికిన చోటే పుట్టిన చోటని రాసే ఈ లెక్క ప్రకారం మన దేశంలో క్యాన్సర్లన్నీ పెద్దాసుపత్రుల్లోనే పుడుతున్నాయి. ఆ ఆసుపత్రులకు తాళం వేస్తే క్యాన్సర్ పీడ విరగడైపోతుంది. ఆరోగ్య శాఖవాళ్లకు ఈ సలహా ఉచితం.

పైగా ఆ పీస్ ఎంత పీసో ఎవర్నైనా అడగండి. మా ఊళ్లో పిల్లలందరూ మిలటరీ మామయ్య అని పిలిచే ఒక రిటైర్డ్ హవల్దారు ఉన్నాడు. "పీస్‌లో హాయే కదా మామయ్యా?" అంటే పడీ పడీ నవ్వాడు. "ఫీల్డ్‌లో శత్రువు ఒక్కడేరా అబ్బాయ్. పీస్‌లో సీవో సాబ్, టూఐసీ సాబ్, సుబేదార్ మేజర్ సాబ్, తర్వాత మీ అత్తయ్య. లెక్కపెట్టుకో." తెల్లవారక ముందే పీటీ. పగలు ఫటీగు. రాత్రి గార్డు డ్యూటీ, రెండు గంటలు నిలబడటం, నాలుగు గంటలు కునుకు. ఎవరో జనరల్ వస్తున్నాడంటే వారం ముందు నుంచీ రాళ్లకు సున్నం, చెట్లకు గేరు. మధ్యలో ఎడారిలో నెల రోజుల ఎక్సర్‌సైజు. ఎక్కడో వరదలొస్తే పడవలు. ఫ్యామిలీ క్వార్టర్ల వెయిటింగ్ లిస్టు కదిలి వాడి పేరు వచ్చేసరికి మళ్లీ పోస్టింగ్. ఊర్నుంచి ఫోన్లు. అన్న గట్టు జరిపాడు, అమ్మకు ఆపరేషన్ అన్నారు, పంట మునిగింది. సెలవు అడిగితే "చూద్దాం". ఇవన్నీ బీపీ కారకాలని ఏ గైడులోనూ పేరా లేదు కాబోలు.

2025 మార్చిలో ఇదే ఢిల్లీ హైకోర్టు ఇంకో తీర్పులో చెప్పింది కూడా ఇదే. శాంతి ప్రాంతంలో బయటపడిందన్న ఒక్క కారణంతో పెన్షన్ కాదనకూడదు, సైన్యంలో పని ఎక్కడ చేసినా దాని ఒత్తిడి దానికుంటుంది, సంబంధం లేదనాలంటే ఎందుకు లేదో మెడికల్ బోర్డు రాయాలి అంది. మనం చలిమంట పక్కన కాపుచినో చప్పరిస్తున్నప్పుడు సరిహద్దులో వాళ్లేం చేస్తున్నారో గుర్తు చేసింది. కాపుచినో అన్న మాట ఆ తీర్పులో నిజంగానే ఉంది. నేను ఫిల్టర్ కాఫీ మనిషిని, అయినా తగిలింది. తగలాల్సిన వాళ్లకు తగల్లేదని జూలైలో తెలిసింది.

ఇక్కడి దాకా నవ్వుకుంటూనే రాశాను. ఇక నవ్వు రావడం లేదు.

భర్తీ ర్యాలీ దగ్గర ఎప్పుడైనా నిలబడి చూశారా? రాత్రంతా బస్టాండులో పడుకుని వచ్చిన కుర్రాళ్లు తెల్లారేసరికి 1.6 కిలోమీటర్లు ఊపిరి తెగేలా పరిగెడతారు. దాటినవాళ్లను డాక్టర్లు పశువుల సంతలో కన్నా నిశితంగా చూస్తారు. మోకాళ్లు ఒకదానికొకటి రాసుకుంటే వెనక్కి. పాదం చదునుగా ఉంటే వెనక్కి. పళ్లు లెక్కపెట్టి మార్కులు వేస్తారు. చెవిలో గులిమి ఉంటే శుభ్రం చేసుకుని రమ్మంటారు. ఇన్ని జల్లెళ్లు దాటినవాడికి ఏ లోపమూ లేదని సర్కారు డాక్టరే సంతకం చేసి లోపలికి తీసుకుంటాడు. తొమ్మిదేళ్లు వాడుకున్నాక అదే సర్కారు ఇంకో డాక్టరు చేత రాయిస్తుంది: ఈ జబ్బు నీ శరీర తత్వంలోనే ఉంది, మాది కాదు. ఆ మొదటి డాక్టరు గుడ్డివాడా, ఈ రెండో డాక్టరు అబద్ధాలకోరా? ఇద్దరిలో ఒక్కరు తప్పు. ఇద్దరికీ జీతం ఇచ్చేది ఒక్కరే. శిక్ష మాత్రం సిపాయికి. ఏరు దాటాక తెప్ప తగలేయడం అందరికీ తెలిసిన పనే, ఇక్కడ తగలేసి, తెప్ప మొదట్నుంచీ పుచ్చుదేనని సర్టిఫికెట్ కూడా ఇస్తున్నారు.

తొమ్మిదేళ్లు అన్నది నేను నోటికొచ్చి అన్న మాట కాదు. ధరమ్‌వీర్ సింగ్ 1985లో సిగ్నల్స్‌లో సిపాయిగా చేరాడు. తొమ్మిదేళ్ల తర్వాత మూర్ఛ వస్తోందని, 20 శాతం వైకల్యమని తేల్చి ఇంటికి పంపారు. జబ్బు శరీర తత్వానిదన్నారు, పెన్షన్ లేదన్నారు. ఆ కేసు 2013 జూలై 2న సుప్రీంకోర్టులో తేలింది. కోర్టు కొత్త చట్టమేమీ కనిపెట్టలేదు. సర్కారు తానే 1982లో రాసుకున్న నిబంధనలను సర్కారుకు చదివి వినిపించింది, అంతే. చేర్చుకున్నప్పుడు కాగితం మీద రాయని జబ్బు తర్వాత బయటపడితే అది సర్వీసులో వచ్చిందనే అనుకోవాలి. కాదని నిరూపించే భారం సర్కారుది, సిపాయిది కాదు. అనుమానం మిగిలితే ఆ లాభం సిపాయికి. మరుసటి ఏడు సుఖ్వీందర్ సింగ్ కేసులో ఇదే. 2015లో రాజ్‌బీర్ సింగ్ కేసుతో పాటు కేంద్రం వేసిన అప్పీళ్ల గుంపు మొత్తం కొట్టేసినప్పుడూ ఇదే. అదే ఏడు మనోహర్ పరీకర్ రక్షణ మంత్రిగా ఉండి వేసిన నిపుణుల కమిటీ కూడా, ఈ అప్పీళ్లు మానుకోండి బాబూ, సొంత సైనికుల మీద వ్యాజ్యాలేమిటి అని రాసిచ్చింది. కమిటీ వేసింది వాళ్లే. చదవనిదీ వాళ్లే.

చదవలేదనడం కూడా తప్పేనేమో. బాగానే చదివారు. 1982 నిబంధనలు సిపాయికి పనికొస్తున్నాయని కనిపెట్టి 2008 నుంచి అమలయ్యేలా కొత్తవి తెచ్చి ఆ పాత భరోసాను పలచన చేశారు. 2023 సెప్టెంబరులో ఇంకోసారి మార్చారు. ఆట ఓడిపోతుంటే గోల్‌పోస్టు ఎత్తుకుపోయే పిల్లలను మన వీధుల్లో అయితే తర్వాత ఆటలో చేర్చుకోరు.

ఇప్పుడు పాత ఫైళ్ల సంగతి. 2013 తీర్పు తర్వాత బోర్డు ముందుకు వచ్చినవాళ్లు కనీసం దాన్ని చూపించి పోట్లాడొచ్చు. అంతకు ముందు, 1980లలో, 90లలో ఇంటికి పంపినవాళ్లు? వాళ్ల చేతికొచ్చింది ఇంగ్లీషులో నాలుగు లైన్ల ఉత్తరం. మీ వైకల్యం సర్వీసు వల్ల వచ్చినట్టుగా పరిగణించడం లేదు, ఆరు నెలల్లో అప్పీలు చేసుకోవచ్చు. ఆ ఉత్తరం ఊళ్లో పోస్టుమాస్టరు చేత చదివించుకుని, ట్రంకు పెట్టెలో బట్టల అడుగున పెట్టుకున్నాడు సిపాయి. అది తప్పని, తప్పని కోర్టు చెప్పిందని వాడికి చెప్పే బాధ్యత ఈ దేశంలో ఏ కార్యాలయానికీ లేదు. అప్పీలు చేసినవాడి గతీ గొప్పగా లేదు. చాలాసార్లు మనిషిని చూడకుండా ఫైలు చూసే తేల్చేస్తారు. మొదటి అప్పీలు కమిటీ మెడికల్ బోర్డును సమర్థిస్తుంది, రెండో అప్పీలు కమిటీ మొదటి కమిటీని సమర్థిస్తుంది. ఒకరి మాట ఒకరు కాదనని ఇంత చక్కటి ఉమ్మడి కుటుంబం ఈ రోజుల్లో అరుదు.

సరే, ఇరవై ఏళ్ల తర్వాత ఎవడో మనవడు ఫోన్లో తీర్పు చూసి తాతకు చెప్పాడనుకుందాం. ట్రైబ్యునల్‌కు వెళ్తారు. మన రెండు రాష్ట్రాలకూ ప్రాంతీయ బెంచి చెన్నైలో. హైదరాబాద్‌లో సర్క్యూట్ బెంచి కూర్చుంటుంది, కూర్చున్నప్పుడు. అక్కడ సర్కారు వారి మొదటి మాట: ఇంత ఆలస్యంగా వచ్చాడేమిటి? రెండో మాట: పెన్షన్ లేనివాళ్ల సర్వీసు కాగితాలు 25 ఏళ్లు దాటితే నియమం ప్రకారం నాశనం చేశాం, మా దగ్గరేమీ లేదు. అయ్యా, ఆలస్యం చేసినందుకు వాడిది తప్పు. కాగితాలు చింపేసినందుకు కూడా వాడిదే తప్పు?

ఇన్నీ దాటి గెలిస్తే మూడేళ్ల కత్తెర సిద్ధంగా ఉంటుంది. తర్సేమ్ సింగ్‌ను 1983లో సైన్యం అనారోగ్యంతో ఇంటికి పంపింది. 1999లో హైకోర్టుకు వెళ్లాడు. వైకల్య పెన్షన్ ఇవ్వాల్సిందేనని తేలింది. హైకోర్టు డివిజన్ బెంచి పాత బకాయిలన్నీ ఇమ్మంది. దాని మీద కేంద్రం సుప్రీంకోర్టుకు పోయింది. నెలనెలా కొనసాగే అన్యాయం కాబట్టి కేసు ఎప్పుడైనా వేయొచ్చు, కానీ బకాయిలు మాత్రం కేసు వేసిన నాటికి వెనక మూడేళ్లవే అని 2008లో తీర్పు వచ్చింది. ఆ తర్వాత చాలా పాత కేసుల్లో ఈ కత్తెరే ఆడుతూ వచ్చింది. లిమిటేషన్ చట్టం తెలిసినవాళ్లు దీన్ని సబబే అంటారు, కాదనే చదువు నాకు లేదు. కానీ ఖజానా వైపు నుంచి ఒకసారి చూడండి. తప్పు చేసినవాడు ఎంతకాలం దాచగలిగితే అంత మిగులు. పదహారేళ్లు కాజేసి పట్టుబడితే మూడేళ్లది కక్కితే చాలు. ఇలాంటి బేరం నాకు ఒక్కసారి, ఒక్క ఆదాయపు పన్ను నోటీసు మీద, ఎవరైనా ఇస్తే వాళ్ల ఫొటో ఇంట్లో పెట్టుకుంటాను.

బిజేందర్ సింగ్ అని ఇంకొకాయన. 1985లో చేరాడు. సియాచిన్‌లో పనిచేశాడు. ఫిట్స్ మొదలయ్యాయి. 1989లో ఇంటికి పంపేశారు. సర్వీసుకు సంబంధం లేదు, పైగా 20 శాతం కన్నా తక్కువ అన్నారు. సియాచిన్‌కు సంబంధం లేదట! అది పీస్ స్టేషన్ కూడా కాదు కదా, మరి అక్కడేం అడ్డొచ్చింది? ట్రైబ్యునల్ కూడా కాదంది. చివరకు 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు 50 శాతం లెక్కన ఇవ్వండి, 1996 నుంచి లెక్కకట్టండి అంది. ఆయన ఇంటికొచ్చేనాటికి ఉమ్మడి రాష్ట్రంలో ఎన్టీఆర్ ముఖ్యమంత్రి. ఆ తర్వాత ఎంతమంది వచ్చారు, ఎంతమంది పోయారు, రాష్ట్రమే రెండయింది. బోర్డు రాసిన ఆ ఒక్క వాక్యం కదలడానికి 36 ఏళ్లు పట్టింది.

ఇంత పోరాటం ఎంత డబ్బు కోసమో తెలుసా? నూటికి నూరు శాతం వైకల్యానికి ఇచ్చేది చివరి జీతంలో 30 శాతం. చివరి జీతం 40,000 ఉన్న హవల్దారుకు 20 శాతం వైకల్యం అంటే నెలకు 2,400 రూపాయలు. ఆ 20 శాతాన్ని నిబంధన ప్రకారం పైకి 50 శాతానికి సర్దితే 6,000. ఈ సర్దుబాటు జబ్బుతో మధ్యలో పంపేసినవాళ్లకే, పూర్తి సర్వీసు చేసినవాళ్లకు లేదని సర్కారు అనడంతో అదో యుద్ధం. 2014 డిసెంబరులో రామ్ అవతార్ కేసులో అందరికీ ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు అన్నాక కూడా ఆ సర్దుబాటు కోసం విడివిడిగా ట్రైబ్యునల్ ముందు వరుస కట్టినవాళ్లు కోకొల్లలు. నెలకు 3,600 రూపాయల తేడా ఎగ్గొట్టడానికి ఒక్కో వాయిదాకు సర్కారు లాయరు ఫీజెంత? ఆ లెక్క మాత్రం ఏ బోర్డూ శాతాల్లో చెప్పదు.

మిగతా వింతలు చకచకా చెప్పేస్తాను, లేకపోతే నాకే పేరా 43 తగిలేలా ఉంది. కనీసం 20 శాతం ఉంటేనే పెన్షన్ కాబట్టి "15–19 శాతం" అన్నది బోర్డుల అభిమాన సంఖ్య. మనిషి శరీరంలో ఆ ఒక్క శాతాన్ని ఏ కొలబద్దతో కొలుస్తారో చూడాలని నా జీవితాశయం. ఒకప్పుడు బోర్డు డాక్టర్లు ఇచ్చిన శాతాన్ని అలహాబాద్ పెన్షన్ లెక్కల కార్యాలయంలో, రోగి ముఖం చూడకుండా, తగ్గించేసేవారు. డాక్టర్ల మాటను లెక్కలవాళ్లు కొట్టేయడమేమిటని 1993లో మొహీందర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. 2019 జూన్‌లో ఆదాయపు పన్నువారు నిద్రలేచి, సర్వీసు పూర్తి చేసుకుని రిటైరైన వికలాంగ సైనికుడి పెన్షన్ మీద పన్ను కట్టాలన్నారు, అది సుప్రీంకోర్టుకెక్కింది. జమ్మూకశ్మీర్ సరిహద్దు గస్తీలో చలికి ప్రాణం పోయిన సైనికుడి భార్యను కూడా సుప్రీంకోర్టు దాకా ఈడ్చినందుకు 2024 డిసెంబరులో కేంద్రానికి 50,000 ఖర్చులు పడ్డాయి. ఆ యాభై వేలూ కట్టింది మీరూ నేనూ. ఇక అగ్నివీరుల సంగతి. వాళ్లకు పెన్షనే లేదు కాబట్టి ఈ తంటా లేదని ఒక మిత్రుడు నన్ను ఓదార్చాడు.

కాగ్ నివేదిక మర్చిపోయావేం అంటారని తెలుసు. మర్చిపోలేదు. 2023లో వచ్చింది. రిటైరైన ఆఫీసర్లలో ఏటా 36 నుంచి 40 శాతం వైకల్య పెన్షన్‌తో వెళ్తుంటే జవాన్లలో అది 15 నుంచి 18 శాతమేనని అందులో ఉంది. సైన్యంలోని డాక్టర్లలో అయితే ఇంకా ఎక్కువ. అంటే పేరా 43 రాసే చేతులు తమ విషయానికొచ్చేసరికి పేజీ తిప్పేస్తున్నాయన్నమాట. ఉద్యోగం పొడుగునా గోల్ఫు ఆడి, రిటైరయ్యే ఏడాదిలో హఠాత్తుగా నడుము పట్టేసిన పెద్దమనుషులు లేరని నేనెందుకంటాను? ఉన్నారు. పట్టుకోండి. పేర్లు బయటపెట్టండి, వసూలు చేయండి, నేనే చప్పట్లు కొడతాను. కానీ 2023 నిబంధనలు తెచ్చినప్పుడు చెప్పిన సాకు కూడా ఈ దుర్వినియోగమే. కొందరు ఆఫీసర్లు బంతి కొట్టారు కాబట్టి నాయక్ గారి ఫైలు మూసేస్తారా? వైకల్య పెన్షన్ అన్న పేరు తీసేసి కొత్త పేరొకటి పెట్టి, అది హక్కు కాదు, సాయం అన్నట్టు వినిపించేలా చేస్తే దొంగలు దొరుకుతారా? దొంగ ఎలాగూ మంచి లాయరును పెట్టుకుంటాడు. నానా పడేది పెట్టుకోలేనివాడికే.

ఈ మూడు వందల కేసుల్లో ఓడినప్పుడు సుప్రీంకోర్టుకు వెళ్తారా అని అందరూ ఊహాగానాలు చేశారు. వెళ్తారనే నేనూ భయపడ్డాను. అలవాటు కదా, దానికి కూడా బీపీలాగే మందు జీవితాంతం వేసుకోవాలి. అప్పీళ్లకు వెళ్లకుండా ఆగితే చేయాల్సిన పని ఒకటుంది, దానికి కమిటీ అక్కర్లేదు, కొత్త నిబంధనలు అక్కర్లేదు. పీస్ స్టేషన్ అన్న ఒక్క కారణం రాసి నానా కొట్టిన ఫైళ్లు రికార్డ్స్ ఆఫీసుల్లో ఉన్నాయి. ఆర్టిలరీ వాళ్లవి నాసిక్‌లో, ఈఎంఈ వాళ్లవి సికింద్రాబాద్‌లో, అలా రెజిమెంటు వారీగా, నంబరు వారీగా. అర్జీ పెట్టుకోమనకుండా, ట్రైబ్యునల్‌కు రమ్మనకుండా, ఆ ఫైళ్లు వాళ్లే తీసి, 1982 నిబంధనలు పక్కన పెట్టుకుని మళ్లీ చదవాలి. తప్పు తేలితే ఆ మనిషికి ఉత్తరం రాయాలి. తెలుగువాడికి తెలుగులో. మూడేళ్ల కత్తెర కోర్టుకు వెళ్లినవాడికి కోర్టు పెట్టింది, తమంతట తాము దిద్దుకునే సర్కారు చేతులు ఎవరూ కట్టేయలేదు. బకాయి మొత్తం కట్టొచ్చు.

కాగితాలు చింపేశామంటారా? నాలుగు లైన్ల ఆ పాత ఇంగ్లీషు ఉత్తరం జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి పట్టుకురమ్మని ఊళ్లలో దండోరా వేయించండి. ఆ సిపాయిలు దాన్ని చింపలేదు.